ఎనిమిది గళ్ళ కాగితం

రేపు సాయంత్రం నాలుగున్నరకల్లా
ఈ ఎనిమిది గళ్ళూ నింపి ఇవ్వాలి.
గడికొక సెమిస్టరు, సెమిస్టరుకు ఐదు కోర్సులు.
యాభై మూడేళ్ళదాన్ని,
పెన్సిలు చెక్కుకుని వంటింటి బల్ల ముందు కూర్చున్నాను.
కిటికీ బయట మా న్యూఫౌండ్‌లాండ్ పొగమంచు.
రేవు ఉన్నదీ లేనిదీ
పడవ కూత వేస్తే తప్ప తెలియడం లేదు.

"మనుషుల్ని చదవడానికి ఫీజు కడతావా, ఆర్డిత్?"
అన్నాడు మా అక్క మొగుడు అల్ఫియస్.
"పొద్దున్నే రేవు కట్ట మీద కూర్చో,
కావలసినంతమంది ఊరికే దొరుకుతారు."
అంటూనే నా కారుకు మంచు టైర్లు బిగించి వెళ్ళాడు.

మొదటి ఏడు తేలికే, వాళ్ళే నింపేశారు:
మానవశాస్త్ర పరిచయం, ఇంగ్లీషు, మళ్ళీ ఇంగ్లీషు.
రెండో ఏటి నుంచి మొదలు చిక్కు.
ఎముకల కోర్సుకు ముందు జీవశాస్త్రం,
తవ్వకాల కోర్సుకు ముందు పురావస్తు పరిచయం.
అదేమో ఏడాది విడిచి ఏడాది,
చలికాలంలో, మంగళవారం,
సరిగ్గా బంధుత్వాల కోర్సు జరిగే గంటలోనే.
వలలో ముళ్ళు విప్పడం నాకు చిన్నప్పటి పని.
ఇది వేరే రకం తాడు.

బంధుత్వాలు మాత్రం వదలను.
కోర్సు వివరంలో ఒక్క వాక్యం చదివి
రెండు రాత్రులు నిద్రపోలేదు:
కొన్ని భాషల్లో అమ్మ తమ్ముడు మేనమామట,
నాన్న తమ్ముడు బాబాయట,
ఎవరి మాట వారికి విడిగా ఉందట!
మాకు అందరికీ కలిపి ఒకటే.
ఆ ఒక్క మాటా వేసి గట్టిగా పిలిస్తే
మా వీధిలో పదకొండు తలలు తిరిగేవి.

ఆడవాళ్ళకు సున్నా (అదేం లెక్కో),
మగవాళ్ళకు త్రిభుజం,
పెళ్ళికి జంట గీతలు, పోయినవాళ్ళకు అడ్డగీత.
చేయి తిరుగుతుందని
కరెంటు బిల్లు వెనక మావాళ్ళను గీశాను.
పైనుంచి మూడో వరుసలో
నాలుగు త్రిభుజాలకు వరసగా అడ్డగీతలు.
ఒకటే పడవ.
బిల్లు తిప్పేశాను. నూట పన్నెండు డాలర్లు కట్టాలి.

గణాంకశాస్త్రమంటే గుండెదడ.
చేపల ఫ్యాక్టరీ మూతపడేదాకా, పదహారేళ్ళు,
నిమిషానికి ఎన్ని ముక్కలు కోశానో
ఫోర్‌మన్ రాసుకునేవాడు.
ఆ పుస్తకంలో నేనొక అంకెని.
ఆ అంకె ఇప్పుడు లేచి వచ్చి
లెక్కలు నేర్పమంటోంది.

కోర్సుల సలహాదారు డాక్టర్ ఎఫియోంగ్ కలబార్ మనిషి,
నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న.
"వేసవి పరిశోధన ఎక్కడ?" అన్నాడు.
డార్బీ కోవ్ అన్నాను.
"అక్కడ ఎవరుంటారు?"
ఎవరూ ఉండరు.
మా అమ్మకు పదిహేనేళ్ళప్పుడు ఊరు ఖాళీ చేయించారు.
ఇంటికి ఖాళీ పీపాలు కట్టి
పడవలతో నీళ్ళ మీద లాక్కొచ్చారు.
ఈ కాగితం పెట్టుకు కూర్చున్న వంటిల్లు అదే.
పునాది రాళ్ళు మాత్రం రాలేదు,
అవి అక్కడే ఉన్నాయి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
"మరి నువ్వు వెళ్ళేది పరిశోధకురాలిగానా, ఆ ఇంటిదానిగానా?
కంగారు లేదు, ఆ ప్రశ్న నాలుగో ఏడు సెమినారులో వస్తుంది."
"దానికి ముందు ఏం చదవాలి?"
"గణాంకశాస్త్రం" అన్నాడు.
ఇద్దరం పగలబడి నవ్వాం.

తుడిచి తుడిచి ఐదో గడి చిరిగింది.
గణాంకశాస్త్రం ఉండాల్సిన చోట
మేజాగుడ్డ మీది చెర్రీపండు కనిపిస్తోంది.
ఎలా సర్దినా ఎనిమిది చాలవు.
స్కేలు దొరక్క బ్రెడ్డుకత్తి ఆనించి
కాగితం అంచున ఇంకో గడి గీశాను.
అందులో జూలై అని రాశాను.
దాని కింద,
పడవ అల్ఫియస్‌ది, పెట్రోలు నాది.